పుట్టని మునెప్పకు దివసం

మనిషిని చంపడం సులువే. చంపాక మీద పడే పనులే ప్రాణం తీస్తాయి. ఇది నేను అనుభవం మీద చెబుతున్న మాట. కంగారుపడి పోలీసులకు ఫోన్ చేయకండి, నేను చంపిన మనిషి అసలు పుట్టనే లేదు. పుట్టనివాడిని చంపినందుకే వ్యానెక్కి కుప్పం దాకా వెళ్లి, పూలదండ వేసి, భోజనం చేసి రావలసి వచ్చింది. ఆ కథ వినండి, విని నవ్వుకోండి. నవ్వినా ఇప్పుడు నాకు కొత్తగా పోయే పరువేమీ లేదు.

అప్పట్లో మదనపల్లె బస్టాండు దగ్గర నాకో జిరాక్సు, టైపు సెంటర్ ఉండేది. తెలుగులో బ్లాగులు జోరుగా నడుస్తున్న రోజులవి. ఎవరో ఆవకాయ గురించి నాలుగు ముక్కలు రాస్తే కింద ఇంతమంది చేరి లొట్టలు వేసేవారు. చూసి నాకు కడుపు మండేది. నాకు కంప్యూటర్ ఉంది, తెలుగు టైపు వచ్చు, గిరాకీ లేని మధ్యాహ్నాలు కావలసినన్ని ఉన్నాయి. పంచడానికి విజ్ఞానం ఒక్కటే లేదు. అది పెద్ద లోటని నాకప్పుడు తోచలేదు.

'మూడూర్ల ముచ్చట్లు' అని బ్లాగు తెరిచాను. మదనపల్లె, పుంగనూరు, కుప్పం జనం తమకు తెలిసింది ఒకరికొకరు చెప్పుకోవాలి, మధ్యలో నేను పెద్దమనిషిలా కూర్చోవాలి, అదీ నా ఆశ. మొదటి వ్యాసం 'నేటి సమాజంలో సమాచార విప్లవం: ఒక పరిశీలన'. రెండోది 'నీటి ఆవశ్యకత'. నీరు లేకపోతే మనిషి బతకలేడన్న రహస్యాన్ని అందులో బట్టబయలు చేశాను. పక్కనే నా ఫోన్ నంబరు కూడా పెట్టుకున్నాను, అభిమానులు వెతుక్కోవడానికి ఇబ్బంది పడకూడదని.

మా ఆవిడ రాజేశ్వరి రోజూ రాత్రి అన్నం పెడుతూ అడిగేది.

"ఈ పొద్దు ఎంతమంది సదివినారు?"

"పద్నాలుగు మంది."

"అందులో మీరెంతమంది?"

ఆ ప్రశ్న రాగానే పెరుగు అడిగేవాణ్ని. చూసినవాళ్ల అంకె పెరిగిందంటే నేను పేజీ మళ్లీ తెరిచానని అర్థం. కామెంట్లు ఒక్కటీ లేవు. జనం ఉన్న చోటికే జనం వస్తారు కదా, మొదట ఒకడినైనా నేనే కూర్చోబెడితే పోలా అనిపించింది. అలా పుట్టాడు కుప్పం మునెప్ప.

కుప్పమే ఎందుకంటే, మదనపల్లె నుంచి అది దూరం, ఎవరూ వెళ్లి చూడరు. మునెప్పే ఎందుకంటే, ఆ వైపు వీధికొక 'అప్ప' ఉంటాడు, ఎవరూ పట్టుకోలేరు. ఎంత ముందుచూపో చూడండి!

మునెప్పకు నేనిచ్చిన గుణం ఒక్కటే, నోటి దురుసు. నా వ్యాసం కిందే నన్ను తిట్టించాను. "సార్, నీళ్లు అవసరమని మాకూ తెలుసు. బోరు ఎండిపోతే ఏం చెయ్యాలో తెలిస్తే సెప్పు, లేదంటే సుమ్మనే నోరు మూసుకుని ఉండు" అని రాశాడు మునెప్ప. అంటే నేనే రాశాను. రాసి, చదివి, కాస్త బాధపడ్డాను కూడా.

అంతే, జనం వచ్చారు. టమోటా ఆకు ముడత పడిందని ఎవరో ఫోటో పెడితే, "పీకి పారెయ్ అప్పా. ఫోటో తీస్తే నయం కాదు" అన్నాడు మునెప్ప. మా మిషన్ స్కూల్లో పనిచేసి రిటైరైన సుగుణమ్మ టీచర్, మల్లెచెట్టు పూయడం లేదని అడిగారు. "నీళ్లు ఎక్కువ పోస్తాండావమ్మా. కొన్ని దినాలు దాని మాటే మర్చిపో" అన్నాడు. ఆ చెట్టు పూసింది! ఆ పూలు తెచ్చి ఆవిడ నా షాపులోనే పెట్టి, "మునెప్ప గారికి చెప్పు నాయనా" అన్నారు.

ఇవన్నీ నాకెలా తెలుసని అడుగుతారేమో. నాకేం తెలీదు. జిరాక్సు కోసం నిలబడినవాళ్లు ఏవేవో మాట్లాడుకుంటారు కదా, అవి విని మునెప్ప నోట్లో పెట్టేవాణ్ని. నా పేరుతో రాసేటప్పుడు మాత్రం నా సొంత తెలివే వాడేవాణ్ని. తేడా అక్కడే వచ్చింది.

పుంగనూరులో పరుపుల షాపు హబీబ్ భాయ్ అయితే మునెప్పకు ప్రాణం ఇచ్చేవాడు. షాపు బోర్డు మీద ఎవరి పేరు ముందుండాలన్న దగ్గర ఆయనకూ తమ్ముడు జబ్బార్‌కూ తగువొచ్చి మాటలు ఆగిపోయాయి. ఆ సంగతి బ్లాగులో రాసి, ఏం చెయ్యమంటారని అడిగాడు. నేను నా పేరుతో 'కుటుంబ వ్యవస్థలో సోదర బంధం' అని రెండు పేజీలు రాశాను. మునెప్ప రెండు ముక్కలు రాశాడు. "రేపు అన్నం టయానికి సెప్పకుండా పొయ్యి తమ్ముని ఇంట్లో కూర్చో. వడ్డిస్తారు, తిను. బోర్డు మాట ఎత్తొద్దు." అది కూడా మండీలో పనిచేసే ఒకాయన నా షాపు ముందు ఇంకొకరితో అన్న మాటే.

హబీబ్ భాయ్ వెళ్లాడు, తిన్నాడు, అన్నదమ్ములు కలిసిపోయారు. నా రెండు పేజీల సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఇక్కడ నా బుద్ధి వంకరపోయింది. నేను కన్న మునెప్ప మీద నాకే అసూయ పుట్టింది. "మునెప్ప గారు ఏమంటారో" అని అందరూ అడిగేవాళ్లే. నేనేమంటానో అడిగిన పాపాన ఒక్కడు పోలేదు. అది చాలదన్నట్టు ఒకరోజు హబీబ్ భాయ్ ఫోన్ చేశాడు.

"సార్, మనమంతా కలిసి కుప్పం పోతాం. మునెప్ప సాబ్‌కు శాలువా కప్పల్ల. ఆయన అడ్రస్ ఇయ్యండి."

"ఆయన... ఎవర్నీ కలవరు భాయ్."

"నక్కో సార్, అట్ల అనొద్దు. నా తమ్ముణ్ని నాకు తెచ్చిచ్చినోడు. కాళ్లు మొక్కి వస్తా."

నాలుగు దినాలు తప్పించుకు తిరిగాను. ఐదో దినం నాకు మహత్తరమైన ఆలోచన వచ్చింది. బ్లాగులో నల్లటి గీత గీసి, 'మన మునెప్ప ఇక లేరు' అని పెట్టాను. నెట్‌లో చావంటే ఏముంది, పది మంది 'ఆయన ఆత్మకు శాంతి' అని రాస్తారు, సాయంత్రానికి మర్చిపోతారు. అలాగే అనుకున్నాను. నా పాఠకులు నెట్‌కు కొత్త, చావుకు పాత అన్న సంగతి నా బుర్రకు తట్టలేదు. మా వైపు చావు కబురు చెవిన పడితే పిలుపు కోసం ఆగరు. చేతిలో పని చేతిలోనే వదిలి బయలుదేరతారు.

పావుగంటలో ఫోను.

"సార్, మట్టి ఎప్పుడు?" అని హబీబ్ భాయ్.

"అయిపోయింది భాయ్. నిన్ననే."

"యా అల్లా! కడసూపు గూడా లేదా! పోనీ, దివసం ఎప్పుడు?"

పదకొండో నాటి దివసం లేదంటే మునెప్పను దిక్కులేనివాణ్ని చేసినట్టవుతుంది. నేను సృష్టించిన మనిషి కదా, మనసు ఒప్పలేదు. "వచ్చే ఆదివారం" అని నోరు జారాను.

"వ్యాను మాట్లాడతా. మదనపల్లెలో టీచరమ్మను, మిమ్మల్ని ఎక్కించుకుంటాది. పుంగనూరులో నేనూ తమ్ముడూ ఎక్కుతాం. ఇల్లు యాడో ఆడ అడుగుదాం లెండి."

ఆ రాత్రి రాజేశ్వరికి మొత్తం చెప్పేశాను. అంతా విని, చాలా శాంతంగా అడిగింది.

"ఆయనకు పెండ్లాం ఉండాదా?"

"ఎవరికి?"

"మునెప్పకు. పుట్టించినారు, సంపినారు, పెండ్లి సేసినారో లేదో కనుక్కుందామని."

ఆదివారం పొద్దున వ్యాను వచ్చింది. సుగుణమ్మ టీచర్ తెల్లచీర కట్టుకుని, ఒళ్లో బైబిలు పెట్టుకుని కూర్చుని ఉన్నారు. నేను పక్కన కూలబడగానే చెవి దగ్గరికి వంగారు.

"నాయనా, నాకొక సందేహం. మదనపల్లెలో కరెంటు పోయినప్పుడంతా కుప్పంలో మునెప్ప గారికి నోరు పడిపోతుందే, ఎందుకంటావు?"

"టీచరమ్మా..." అన్నాను.

"హబీబ్ గారు తమ్ముణ్ని కూడా తీసుకొస్తున్నాడు. ఆ మునెప్ప లేడని తెలిస్తే, ఉత్తుత్తి మనిషి మాట విని కలిసినామని వాళ్లకు తలకొట్టేసినట్టు ఉంటుంది. నోరు మూసుకుని కూర్చో" అని ఆవిడ కళ్లు మూసుకున్నారు.

పుంగనూరులో అన్నదమ్ములిద్దరూ మనిషంత గులాబీ దండతో ఎక్కారు. చౌడేపల్లె నుంచి ఒకాయన అరటిగెల పట్టుకొచ్చి అక్కడే కాచుకుని ఉన్నాడు. వి.కోటలో ఇంకో ముగ్గురు. వాళ్లెవరినీ నేను అంతకుముందు చూడలేదు, ఫోటోలతో రాతలతోనే తెలుసు. నేను కలలుగన్న సమాజం మొత్తం ఆ వ్యానులో ఉంది, వెళ్తున్నది మాత్రం చావింటికి. కుప్పంలో తాళం వేసిన ఇల్లేదైనా చూపించి, "అయ్యో, ఊరెళ్లినట్టున్నారు" అనాలని నా పథకం. ఆ పథకం పెట్టుకుని దారంతా నవ్వుముఖంతో కూర్చున్నాను. దివసానికి వెళ్తూ నవ్వేమిటని జబ్బార్ నన్ను వింతగా చూశాడు.

కుప్పంలో అడుగుపెట్టగానే హబీబ్ భాయ్ "రోకో, రోకో!" అని కేక పెట్టాడు. వీధి మలుపులో షామియానా, కుర్చీలు, దండ వేసిన ఫోటో. బ్యానర్ మీద మునివెంకటప్ప అని పేరు.

"మునెప్ప అంటే పూర్తి పేరు ఇదన్న మాట!" అని దిగి పరుగెత్తాడు. నేను "భాయ్, ఆగు" అనేలోపు దండ ఫోటో మీద పడింది, హబీబ్ భాయ్ కుర్చీలో పడి ఏడుస్తున్నాడు.

ఆ ఇంటి పెద్దామె, చనిపోయినాయన భార్య, బయటికి వచ్చింది. "మీరంతా ఎవురప్పా?"

"నెట్‌లో మీ ఆయన స్నేహితులం అమ్మా" అన్నాడు హబీబ్ భాయ్ కళ్లు తుడుచుకుంటూ.

"నెట్టా? మా ఇంటాయనకు సెల్లు ఎత్తను గూడా రాదే!"

పెద్ద కొడుకు మాత్రం ఆలోచనలో పడ్డాడు. "నాయన రోజూ మద్యాన్నం సంత తట్టుకు పొయ్యేటోడు గదమ్మా, యాడికని ఎప్పుడూ సెప్పలేదు. ఆడ నెట్ సెంటర్ ఉండాది."

హబీబ్ భాయ్ మునెప్ప మాటలన్నీ ఒక్కొక్కటే చెప్పాడు. టమోటా, మల్లెచెట్టు, బోరు. చివరికి తమ్ముణ్ని ముందుకు లాగి ఆ అన్నం సంగతి. వినే కొద్దీ పెద్దామె ముఖం ఎర్రబడింది.

"నా దగ్గర మూగోని మాదిరి కూర్చునే మనిషి! కూర బాగుండాదా అంటే తల గూడా ఊపేటోడు కాదు. పరాయోళ్లకు ఇన్ని మాటలు సెప్పినాడా! సొంత తమ్మునితో ఇన్నేండ్లుగా మాట్లాడకుండా ఉండి, మీకు బుద్ధి సెప్పినాడా!"

అప్పుడు షామియానా చివర నిలబడిన ఒక ముసలాయన దగ్గరికి వచ్చాడు. ఆ తమ్ముడు ఆయనే. కండువా నోటికి అడ్డం పెట్టుకుని, "అయితే మా అన్నకు నాతో మాట్లాడాలనే ఉండిందప్పా. సెప్పను నోరు రాలేదు, అంతే గదా?" అని అందరినీ అడిగాడు. హబీబ్ భాయ్ ఆయన చేతులు పట్టుకుని అవునవునన్నాడు.

ఆ ఒక్క నిమిషం నా మీద నాకు అసహ్యం వేసింది, దాచను. నిజం చెప్పడానికి నోరు తెరిచాను. సుగుణమ్మ టీచర్ నా పాదం మీద తన చెప్పు పెట్టి గట్టిగా నొక్కి, "ప్రార్థన చేద్దాం" అన్నారు. ప్రార్థన అయ్యాక మాంసం కూరతో భోజనం పెట్టారు. తిన్నాను. బాగుంది కూడా.

తిరుగు ప్రయాణంలో వ్యాను సంతలా ఉంది. వచ్చే నెల హబీబ్ భాయ్ ఇంట్లో కలుద్దాం, విత్తనాలు తెస్తాను, మల్లె అంట్లు తెస్తాను అని ఒకటే గోల. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. పలమనేరు దాటాక ఇక ఆగలేకపోయాను. మంచితనమో, అసూయో, రెండూ కలిసో.

"అందరూ వినండి. మునెప్ప లేడు. ఎప్పుడూ లేడు. ఆ రాతలన్నీ నావే!"

హబీబ్ భాయ్ నా భుజం మీద చెయ్యి వేశాడు. "ఏడ్సండి సార్. ఏడిస్తే తగ్గుతాది."

"నిజం భాయ్! నేనే రాసినా!"

జబ్బార్ వెనక్కి తిరిగాడు. "తప్పనుకోవద్దు సార్. ఆ నీళ్ల గురించి రాసింది మీరే గదా?"

"అవును."

"మరి?"

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే కొంత నయంగా ఉండేది. చివరి ఆశగా టీచరమ్మ వైపు చూశాను. "టీచరమ్మా, మీరైనా చెప్పండి! ఆ కరెంటు సంగతి!"

ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ, "చనిపోయినోళ్ల గొప్ప మనం కొట్టేయకూడదు నాయనా. పాపం" అన్నారు.

బ్లాగు తర్వాత మూతపడింది. జనం మాత్రం విడిపోలేదు. ఇప్పుడు అందరి ఫోన్లలో 'మునెప్ప మిత్రబృందం' అని ఒక గుంపు ఉంది, కుప్పం పెద్దామె కొడుకూ ఆ ముసలి తమ్ముడూ కూడా అందులో ఉన్నారు. పెత్తనం హబీబ్ భాయ్‌ది. మొన్న నేను 'నీటి ఆవశ్యకత: రెండో భాగం' పెట్టాను. ఎవరూ చదివేలోపే ఆయన తీసేసి, "మునెప్ప సాబ్ ఉంటే ఇట్లాంటివి ఒప్పుకునేటోడు కాదు సార్" అని రాశాడు.

కాబట్టి, మూసేసిన నా షాపులోని జిరాక్సు మిషను సాక్షిగా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇంక నాకంటే తెలివైనవాణ్ని పుట్టించను. పొరపాటున పుట్టించినా, వాడికంటే ముందు నేనే పోతాను. నా దివసానికి ఎవరైనా వ్యాను మాట్లాడతారేమో చూడాలి.