దింపేద్దాం అన్న పాపానికి

రెండువేల దశకం మధ్యలో, ఆఖరి సెమిస్టరులో, అంతర్జాతీయ సంబంధాల పేపరు తీసుకున్నాను. ప్రపంచశాంతి మీద మమకారంతో కాదు, దానికి రాతపరీక్ష లేదని. చదివేది కంప్యూటర్లు, ఉండేది క్రైస్ట్‌చర్చ్‌లో, ఉద్యోగం ఇస్తామన్నది వెల్లింగ్టన్‌లో. పట్టా చేతికొస్తేనే ఉద్యోగం; ఈ పేపరు పాసైతేనే పట్టా.

రాతపరీక్షకు బదులు సార్ ఒక ఆట పెట్టారు. క్లాసును రెండు శత్రుదేశాలుగా చీల్చి, సరిహద్దులో కొండ ఉన్న పటం ఒకటి బల్ల మీద పరిచారు. సైన్యాలంటే రంగు అట్టముక్కలు. సాయంత్రంలోగా ఒప్పందం మీద సంతకాలు పడాలి. పడకపోతే రెండు దేశాలూ ఫెయిల్. అసలు దేశాలకూ ఈ నిబంధన ఉంటే బాగుండేది.

మా దేశాధినేత గొర్రెల ఫారం నుంచి వచ్చిన కివీ కుర్రాడు. రక్షణమంత్రి నా ఫ్లాట్‌మేట్, గుంటూరువాడు. విదేశాంగం నాది. మా ఎర్ర ముక్కలు ముందే కొండెక్కి కూర్చున్నాయి. మధ్యాహ్నం టీ క్యూలో మేమిద్దరం తెలుగులో మంతనాలకు దిగాం. అవతలి దేశపు గూఢచారి శాఖ కరీంనగర్ అమ్మాయి అనీ, మా వెనకే నిలబడి ఉందనీ చూసుకోలేదు.

"ఒరేయ్, ఆ కొండ మీంచి మనవాళ్లని దింపేద్దాం. వాళ్లు చల్లబడతారు, మనం సంతకం పెట్టి పోదాం," అన్నాను.

"దింపేద్దాంలే. గొర్రెలాయన్ని నువ్వు ఒప్పించు," అన్నాడు వాడు.

తిరిగొచ్చేసరికి వాళ్ల నీలం ముక్కలన్నీ సరిహద్దు మీద బారులు తీరి ఉన్నాయి. "వీళ్లనా నమ్మమంటున్నావు?" అని మా అధినేత కొండ మీదికి మరిన్ని ముక్కలు ఎక్కించాడు. అది చూసి వాళ్లు "చెప్పలేదూ!" అనుకున్నారు. అట్టముక్కలు పెరిగాయి, మాటలు తగ్గాయి. నాకు వెల్లింగ్టన్ దూరమవుతూ కనిపించింది.

ఉండబట్టలేక కారిడార్‌లో ఆ అమ్మాయిని పట్టుకున్నాను.

"ఏమ్మా, మేం శాంతి అంటుంటే మీరు యుద్ధానికి దిగారేంటి?"

"దొంగమాటలొద్దు. దింపేద్దామని నువ్వే గదా అన్నవ్? నా చెవులతోటి విన్న."

"దింపేద్దామంటే కొండ మీంచి కిందికి తల్లీ!"

"కొండ ముచ్చట నాకు ఇనబడలే. పేపర్ల సైన్యాన్ని దింపిన్రు అని రాస్తే, పంపిన్రనే గదా!"

అదీ నిజమే. మన పత్రికల్లో సైన్యం దిగిందంటే జనం తలుపులేసుకోవాలి. మా ఇంట్లో దింపడమంటే పొయ్యి మీంచి అన్నం దింపడమే.

"అయినా నేను 'దింపుతరేమో' అన్న. మా లీడరే 'ఏమో' తీసేసిండు," అంది.

"ఎందుకు?"

"'ఏమో' అంటే ఎవడూ వినడంట."

జరిగింది మా అధినేతకు చెప్పాను. "యా, నా," అన్నాడు. అక్కడ దానర్థం కాదనే. శత్రువు అలాగే చెబుతాడట. ఆమెకూ వాళ్ల లీడర్ దగ్గర అదే జవాబు దొరికింది. నిజమనే సరుకుకు రెండు దేశాల్లోనూ గిరాకీ లేదు. పొద్దు వాలుతోంది.

"ఇట్ల గాదు," అంది ఆమె. "మీరు భయపడ్డరని మావోనికి చెప్త. మేం భయపడ్డమని మీవోనికి నువ్వు చెప్పు."

పని చేసింది. భయపడ్డవాళ్ల మీద ఇద్దరు అధినేతలకీ జాలి పుట్టింది. మా అధినేత ఉదారంగా ముక్కలు వెనక్కి తీశాడు, వాళ్ల లీడరూ తీశాడు, సంతకాలు పడ్డాయి. ఎవరి బలం చూసి ఎవరు తగ్గారని సార్ అడిగితే, గెలిచింది తామేనని ఇద్దరూ చెయ్యెత్తారు.

బయటికొస్తూ ఆమె అడిగింది: "అసలు సంగతి సార్‌కు చెప్దామా?"

"చెబుదాం. మార్కులు పడ్డాక."

పడ్డాయి. నేను బొటాబొటిగా పాసయ్యాను. ఆమెకు నాకంటే ఎక్కువొచ్చాయి. శత్రువు కదలికను ముందే పసిగట్టినందుకట.