నాలుగు మంచి మాటలు

ఆయన కళ్ళజోడు ఎప్పుడూ నుదుటి మీదే ఉంటుంది. చదవాలంటే దించాలి, దించడు. ఆఫీసు నుంచి రాగానే చొక్కా అయినా మార్చుకోకుండా భోజనాల బల్ల ముందు కూలబడతాడు. బల్ల నిండా తనలాగే సొంత ఖర్చుతో అచ్చేసుకున్న రచయితలు పంపిన నవలలు. ఒక్కోటీ మొదట్లో ఓసారి, మధ్యలో ఓసారి తెరిచి, వాసన చూసినట్టు చూసి, ఫోన్లో బొటనవేలితో మెచ్చుకోలు రాసి పడేస్తాడు. వాళ్ళూ ఆయన నవలకి అలాగే రాస్తారు. ఈయన మానేస్తే వాళ్ళూ మానేస్తారు. సగంలో ఆగిన ఆయన రెండో నవల ఆ గుట్ట అడుగునెక్కడో ఉంది. భార్య కంచం ఒళ్ళో పెట్టుకుని తింటూ, "ఈ బల్ల ఎప్పటికి ఖాళీ అవుతుందండీ?" అంటుంది. "ఈ ఒక్కటీ అయిపోనీ" అంటాడు.

మొన్న ఆదివారం, పుస్తకం వెనకున్న నంబరు చూసి ఎవరో ఆవిడ ఫోన్ చేసింది. మీ నవల చదివానంది.

"సంతోషమమ్మా. మీదీ పంపండి, నాలుగు మంచి మాటలు రాస్తాను" అన్నాడు అలవాటుగా.

"నేనేం రాయనండీ, బట్టలు కుడతాను. మీ నవల రెండుసార్లు చదివాను. చివర్లో ఆ వంటావిడ గేటు దాకా వెళ్ళి ఎందుకు వెనక్కొచ్చేసిందండీ? గేటు తీసే ఉంది కదా!"

ఇంతవరకూ ఆయన్ని ఎవరూ ఇలా అడగలేదు. కళ్ళజోడు కిందికి దించాడు. మళ్ళీ పైకి తోసుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"మొహమాటపడకండమ్మా" అన్నాడు చివరికి. "ఇంతకీ మీ పుస్తకం పేరేమిటి?"