దొంగ రోజా

రంజాన్ నెల మిట్టమధ్యాహ్నం షుగర్ మాత్ర వేసుకుని చక్కెరకేళి ఒలిచినప్పుడల్లా, ఆ వాసనకి నా మీద నాకే రోత పుడుతుంది.

చిన్నప్పుడు అమలాపురంలో, షుగర్ ఉన్న మా నానమ్మ రోజా ఉపవాసంలో ఉండి, తలుపుచాటున అదే పండు తింటూ నాకు దొరికింది. చేతులు వణుకుతున్నాయి, చెమటలు కారుతున్నాయి. దొంగకి పట్టే చెమటలనుకుని పెదనాన్నకి చెప్పేశాను.

పొద్దంతా ఫ్యాను కింద గురకపెట్టి రోజా గడిపే ఆ పుణ్యాత్ముడు, "నమ్మకం ఉన్నోళ్ళని షుగరేం చేస్తాదమ్మా?" అన్నాడు.

"ఆయ్, తప్పయిపోయిందండి," అంది నానమ్మ, కన్నకొడుకుతో. మిగిలిన సగం పండు నా చేతిలో పెట్టింది. నేను గర్వంగా కోళ్ళకి వేశాను.

జబ్బు మనుషులను రోజా నుంచి అల్లా ఎప్పుడో వదిలేశాడు. వదలనిది పెదనాన్నా, నేనూ.