పుట్టమన్ను సంత

ములకలపల్లిలో కాపురమున్న రోజుల్లో, పొద్దున్నే పొయ్యి మీద ఎసరు మరిగేలోపు పుట్టమన్నుతో వేలెడంత మనిషిబొమ్మ ఒకటి చేసేదాన్ని. ముందురోజు ఎవరు కంటపడితే వాళ్ల బొమ్మే. ఏడాది తిరిగేసరికి ఊరంతా మా అటకెక్కింది. ఖమ్మంలో కళాప్రదర్శన పెడుతున్నారంటే, ఆ బొమ్మలన్నీ తీసుకెళ్లి హాలు నేల మీద మిరపకాయల కుప్పలు, ఆకుగొడుగులతో సహా వారపు సంతలా పేర్చాను.

చూడ్డానికి మా అత్తమ్మ వచ్చింది. పక్కింటామె కూడా అదే బస్సు దిగింది. ఆమె మేక మా చిక్కుడుపాదు మేసినప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. నేనేమో కావాలనే ఇద్దరి బొమ్మల్నీ పక్కపక్కన కూర్చోబెట్టాను.

"నన్ను గీమె పక్కన కూసోబెడ్తవా?" అంటూ అత్తమ్మ తన బొమ్మను తీసి దూరంగా మిరపకాయల కుప్ప దగ్గర పెట్టింది.

పక్కింటామె తన బొమ్మ మీది ఆకుగొడుగు చూపించి, "ఏందొదినా, గా ఎండల ఏం కూసుంటవ్? గిటు రా, నీడున్నది" అంది.

అత్తమ్మ మూతి ముడిచి ఆ గొడుగు వైపు చూసింది. ఇక ఆపుకోలేక ఫక్కున నవ్వి, "అవ్, వస్త తియ్" అని బొమ్మను గొడుగు కిందికి జరిపింది.

చుట్టూ ఉన్నవాళ్లు ఇదీ ప్రదర్శనలో భాగమే అనుకుని చప్పట్లు కొట్టారు. నేను కాదనలేదు.