గుహలో మిగిలిపోయిన రాకుమారి

హిందూపురానికి ఎగ్జిబిషన్ వచ్చినప్పుడు నాయన నన్నూ చెల్లెలినీ చీకటి గుడారంలోకి తీసుకెళ్ళాడు. అప్పటికి చెల్లెలు ఇంకా బడిలో చేరలేదు. లోపల ఇనుప పట్టాల మీద చిన్న బండి. మమ్మల్ని అందులో కూర్చోబెట్టి ఒక మనిషి వెనక నుంచి నెట్టాడు. చీకట్లో పోతూ ఉంటే అక్కడక్కడా బల్బు వెలిగి, కథలో ఒక్కో ఘట్టం కనిపించేది. తోటలో ఆడుకునే రాకుమారి, ఆమెను ఎత్తుకుపోయే రాక్షసుడు, చివరికి గుహలో గొలుసులతో ఆమె. అంతే, బండి వెలుతురులోకి వచ్చేసింది.

చెల్లెలు దిగలేదు.

"ఆయక్కను ఎవురూ ఇడిపియ్యలేదే నాయనా?" అని ఒకటే ఏడుపు. అది బొమ్మ అని నాయన ఎంత చెప్పినా వినలేదు. ఇంటికొచ్చి అన్నానికి కూర్చున్నా, "ఆయక్కకు అన్నం ఎవురు పెడతారు?" అంది. అమ్మ నవ్వింది గానీ నాయన నవ్వలేదు.

కొన్నాళ్ళకు ధర్మవరంలో మేనత్త ఇంటికి వెళ్ళాం. అక్కడి తిరునాళ్ళలోనూ అలాంటి గుడారమే ఉందని తెలిసి నాయన సంబరపడ్డాడు. కథ అదే. పట్టాలు లేవు, కట్టె చక్రాల బండి ఒళ్ళంతా కుదిపేసింది. బొమ్మలు మాత్రం ఎంతో బాగున్నాయి. మగ్గాల ఊరు కదా, రాకుమారికి నిజమైన పట్టుచీరే కట్టారు. ఆఖరున గుర్రం మీద రాకుమారుడు వచ్చి ఆమెను తీసుకుపోయాడు. నాకు ఇదే నచ్చింది.

"చూస్తివా, ఇడిపించినాడు" అన్నాడు నాయన.

"ఈయక్క వేరే. ఆయక్కది పచ్చ పావడ. ఇంకా ఆ గుహలోనే ఉండాది" అంది చెల్లెలు.

మరుసటి ఏడు పెనుకొండ జాతరలో హిందూపురం గుడారమే కనబడింది. నాయన మమ్మల్ని పక్కన నిలబెట్టి, బండి నెట్టే మనిషి దగ్గరికి పోయాడు.

"ఏమప్పా, మా పాప ఏడాదిగా ఆ బొమ్మనే తలుచుకుంటాండాది" అంటూ సంగతంతా చెప్పాడు. ఆ మనిషి చెల్లెలి వైపు చూసి, మా ఇద్దరినీ బండి ఎక్కమన్నాడు.

గుహ దగ్గర బండి ఆగింది. అతను గొలుసు విప్పి, రాకుమారిని ఎత్తి చెల్లెలి పక్కన కూర్చోబెట్టాడు.

"గట్టిగా పట్టుకో పాపా, పడిపోతాది."

దగ్గరగా చూస్తే ముఖం మీద రంగు పెచ్చులూడింది, చేతుల్లోంచి గడ్డి బయటికొచ్చింది. చెల్లెలు అదేమీ పట్టించుకోలేదు. ఆమె నడుం చుట్టూ చెయ్యి వేసి కూర్చుంది. వెలుతురులోకి రాగానే, "ఇంక మీ ఇంటికి పో అక్కా" అంది.

నాయన గబుక్కున చెల్లెలిని భుజాల మీద కూర్చోబెట్టుకుని, బొరుగులు కొనిస్తానంటూ అవతలికి నడిచాడు. నేను వెనక్కి తిరిగి చూశాను. జనం బండి కోసం వరుసలో నిలబడి ఉన్నారు. ఆ మనిషి బొమ్మను, నిద్రపోయిన పిల్లను మోసినట్టు, రెండు చేతుల మీదా లోపలికి మోసుకుపోతున్నాడు.

ఆ తరువాత చెల్లెలు ఆమె సంగతి అడగలేదు.