తేనెపిట్టకు కంటిన్యూటీ

నిన్న సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి బాల్కనీ తలుపు తీయగానే రాధామనోహరం వాసన గుప్పుమంది. మణికొండలో ఐదో అంతస్తు ఫ్లాటు మాది. ఆ తీగ కుండీలోనే పెరిగి, గ్రిల్లు పట్టుకుని పైకి పాకింది. వాసన పీలుస్తూ నిలబడ్డ నాకు ఇంకొకటి కూడా కనబడింది. బట్టలారేసే దండెం కొసన ఎండుటాకులు, నారపోగులు, సాలెగూడు దారాలు కలిసి పిడికెడు చెత్తలా ఏదో వేలాడుతోంది. మర్నాడు పొద్దున్నే బాల్కనీకి రంగులు వేసే మనుషులు రావాలి. వాళ్ల కంటబడితే ఒక్క దులుపు దులిపేస్తారు. నేను మాత్రం ఊపిరి బిగబట్టి, వచ్చిన అడుగుల్లోనే అడుగులు వేసుకుంటూ వెనక్కి వెళ్లి తలుపు మూశాను. నవ్వూ వచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. అలా వెనక్కి నడవడం నాకు నేర్పినవారు సత్తయ్య బాబాయ్ గారు.

బాబాయ్ గారు అంటున్నానే గానీ ఆయన నాకు చుట్టం కాదు, నేను అద్దెకున్న ఇంటి యజమాని. ఇరవై ఏళ్ల కిందటి మాట. మాదాపూర్‌లో బండలు పగలగొట్టిన చోటల్లా అద్దాల భవనాలు లేస్తున్న రోజులు. కాకినాడ నుంచి వచ్చిన నాకు అక్కడ ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ ఉద్యోగం దొరికింది. అంటే ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం. ఫిల్మ్ నగర్‌లో రెండు పెద్ద బంగళాల మధ్య ఇరుక్కున్నట్టుండే ఒక పాత చిన్న ఇంట్లో పై గది ఖాళీగా ఉందని తెలిసి వెళ్లాను. రెండోసారి వెళ్లినప్పుడు ఆయన నా ఊరూ పేరూ అడగలేదు. నా చేతుల వంక చూశారు.

“మొన్న ఇల్లు చూడనీకి వచ్చినప్పుడు గడియారం కుడిచేతికి ఉండె. ఇయ్యాల ఎడమచేతికి వచ్చింది. ఏమైంది బిడ్డా?”

నేను తెల్లబోయాను. కుడి మణికట్టు మీద నూనె చింది కాలిందని చెప్పాను. ఆయన వెంటనే లోపలికి కేకేస్తే భార్య ఈశ్వరమ్మ గారు మందు పట్టుకొచ్చి, నా చేయి తన ఒళ్లో పెట్టుకుని రాశారు. “లోకంల అందరి గడియారాలు కనవడ్తయ్ ఈయనకు. నేను కొత్త చీర కట్టుకుంటె మాత్రం కనవడది” అన్నారు. ఆ పూటే సామాన్లు తెచ్చుకున్నాను. వాళ్లను బాబాయ్ గారూ, పిన్ని గారూ అని పిలవడానికి వారం కూడా పట్టలేదు.

ఆయన ముప్పై ఏళ్ల పాటు సినిమాల్లో కంటిన్యూటీ చూసిన అసిస్టెంటు డైరెక్టరు. హీరో తలుపు తట్టడం ఇవాళ తీస్తే, ఆ తలుపులోంచి లోపలికి అడుగు పెట్టడం పది రోజుల తరువాత ఇంకెక్కడో తీస్తారు. ఈలోగా చొక్కా బొత్తాం, నుదుటి బొట్టు, బల్ల మీది గ్లాసులో నీళ్లు, ఏదీ మారకూడదు. అవన్నీ కళ్లతో పట్టుకుని కాగితం మీద పెట్టడమే ఆయన పని. తెర మీద ఆ పని కనబడిందంటే అది చెడిందన్నమాట. రిటైరయ్యాక కూడా ఆ చూపు మాత్రం రిటైర్ కాలేదు. సినిమాలు లేవు కాబట్టి పెరట్లో పిట్టల మీద పడ్డారు.

పెరడంటే ఎంతో కాదు. గేటు నుంచి వరండా దాకా పది అడుగుల దారి, ఒక పక్క జామచెట్టు, మందారం, ఇంకో పక్క నుంచి వరండా మీదుగా మేడ దాకా అల్లుకున్న రాధామనోహరం. నేను చేరిన ఏడాది మార్చిలో ఆ తీగలో ఒక తేనెపిట్ట గూడు మొదలుపెట్టింది. బాబాయ్ గారు కొత్త నోటుబుక్కు తీసి, షూటింగ్‌లో రాసుకున్నట్టే రాసుకునేవారు. ‘సీను ఒకటి. పగలు. తల్లి ఎంట్రీ జామకొమ్మ మీంచి. ముక్కున దూది.’ తండ్రి పిట్ట ఊదారంగులో నిగనిగలాడుతూ, ఒక్క పుల్ల కూడా ముట్టకుండా, పక్క కొమ్మ మీద కూర్చుని పాడేది. పిన్ని గారు కూరగాయలు తరుగుతూ అది చూసి, “మీ హీరోలందరు గింతేనా?” అని అడిగితే, ఆయన చాలా సీరియస్‌గా, “పాట గూడ ఉండాలె గద” అన్నారు. పిల్లలు పుట్టాక మాత్రం ఆ హీరో కూడా పురుగులు మోశాడు. అదీ రాశారాయన.

రెండో రోజు పొద్దున నేను గులాబీరంగు చుడీదార్‌తో మెట్లు దిగుతుంటే ఆయన చెయ్యడ్డం పెట్టి ఆపారు.

“నిన్న అది గూడు మొదలువెట్టినప్పుడు నువ్వు పచ్చ చున్నీ వేసుకున్నవ్. నిన్ను చూసి బెదరలే. ఇగ పిల్లలు ఎగిరే దాంక గదే వేసుకో.”

“రోజూ అదేనా అండీ? ఆఫీసులో నవ్వుతారు బాబాయ్ గారూ!”

“గేటు దాటినంక తీసి సంచిల పెట్టుకో. మన సీను గేటు దాంకనే.”

పిట్టలకు చున్నీల రంగు గుర్తుంటుందో ఉండదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయనా ఒట్టేసి చెప్పలేదు. కానీ ఆ ఇంట్లో అందరిదీ అదే నియమం. గూటికి ఎదురుపడితే, వచ్చిన అడుగుల్లోనే వెనక్కి నడవాలి. పిన్ని గారు వరండాలో దండెం మానేసి మేడ మీద బట్టలారేసేవారు. బాబాయ్ గారు నెలంతా ఒకే గోధుమరంగు తువ్వాలు భుజాన వేసుకునేవారు. నేను గేటు బయటికి వచ్చి చున్నీ మడిచి సంచిలో పెట్టుకోవడం చూసి, కంపెనీ క్యాబ్ డ్రైవరు, “మేడమ్ పచ్చజెండా దించిన్రు, ఇగ పోదాం” అని బండి కదిలించేవాడు. ‘ఈ తీగకే కంటిన్యూటీ లేదు’ అని ఆయన నోటుబుక్కులో ఒక పేజీలో రాసి ఉంది. ‘సాయంత్రం తెల్లపూలు, పొద్దున గులాబీ, మర్నాటికి ఎరుపు. పిట్ట మన్నించింది.’

ఆ నెలలోనే నాకు మొదటి బోనస్ వచ్చింది. డిజిటల్ కెమెరా కొన్నాను. కొత్త బిచ్చగాడు పొద్దెరుగడని, అన్నం ప్లేటు దగ్గర్నుంచి ఆకాశం దాకా ఏదీ వదిలిపెట్టలేదు. గూట్లో రెండు పిల్లలు పుట్టి ఐదో రోజు, ఆదివారం. బాబాయ్ గారూ పిన్ని గారూ బోరబండలో పిన్ని గారి తమ్ముడింటికి పూజకని వెళ్లారు. నేను వరండాలో కూర్చుని ముప్పై ఫొటోలు తీసి ఉంటాను. ప్రతిదాంట్లోనూ ఆకో పువ్వో అడ్డం. పిల్లల నోళ్లు కనబడటం లేదు. లోపలికి వెళ్లి కత్తెర తెచ్చి, గూటి ముందున్న ఏడు రెమ్మలు కత్తిరించాను. ఆ తరువాత తీసిన ఫొటో ఎంత బాగా వచ్చిందంటే, రెండు పసుపు నోళ్లు గూటి గుమ్మంలోంచి నా వైపే తెరుచుకుని ఉన్నాయి. నా అంత గొప్పది లేదనుకుంటూ మేడెక్కి దాన్ని కంప్యూటర్‌లో పెద్దది చేసి చూసుకున్నాను.

గంట తరువాత కిందికి వస్తే ఎండ సూటిగా గూటి మీద పడుతోంది. అప్పటిదాకా ఆకుల నీడలో ఉన్న గూడు నడివీధిలో పెట్టిన ఉయ్యాలలా ఉంది. తల్లి ముక్కున పురుగుతో జామకొమ్మ మీద కూర్చుని అరుస్తోంది. తీగ దాకా వస్తుంది, తిరిగి వెళ్లిపోతుంది. వస్తుంది, వెళ్లిపోతుంది. ప్రహరీ మీద కాకి ఒకటి చేరింది. నేను గొడుగు తెచ్చి పట్టుకుంటే తల్లి ఇంకా దూరం పోయింది. గొడుగు తీస్తే కాకి దగ్గరికొచ్చింది. ఏం చేయాలో తోచక చీపురు పట్టుకుని మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఆ రెండు నోళ్లూ నా వల్లే మూతపడతాయని నాకు తెలుస్తూనే ఉంది.

రెండింటికి వాళ్లు తిరిగొచ్చారు. గేటు తీయగానే ఆయన నా ముఖం కంటే ముందు తీగ వంక చూశారు. కింద పడి ఉన్న రెమ్మలు చూశారు. తిడతారనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

“కొయ్యకముందు ఫొటోలు తీసినవా?” అని మాత్రం అడిగారు.

“తీశాను బాబాయ్ గారూ. అన్నిట్లోనూ ఆకులే అడ్డం. పారేద్దామనుకున్నాను.”

“గవే గావాలె. పట్టుకరా.”

కెమెరా చిన్న తెర మీద ఆయన ఆ పనికిరాని ఫొటోలు ఒక్కొక్కటే చూశారు. కళ్లజోడు పైకి తోసి, కిందికి లాగి, నోటుబుక్కులో గూడు గీసి, దాని చుట్టూ ఏడు రెమ్మలకు ఏడు అంకెలు వేశారు. మేడ మీది కొసల నుంచి కొత్త రెమ్మలు కోయించారు. తల్లి జామచెట్టు వదిలి అటు పోయిన కాసేపట్లో, ఆయన స్టూలెక్కి ఒక్కొక్క రెమ్మను ఫొటోలో ఉన్న చోటే, ఉన్న వాలులోనే దారంతో కట్టారు. “మూడో నంబరు జర కిందికి వంగాలె. ఐదో నంబరు ఆకు ఎనక్కి తిరిగి ఉండె, చూడు” అంటూ. నేను కింద నిలబడి ఆకులందిస్తున్నాను. కాకి కోసం చీపురెత్తి కాపలా ఉన్న పిన్ని గారు మమ్మల్నిద్దర్నీ చూసి, “చేతులు కాలినంక ఆకులు వట్టుకునుడంటె గిదే” అన్నారు. అంత ఏడుపులోనూ నాకు నవ్వొచ్చింది.

కట్టడం అయ్యాక ఆయన నన్ను పచ్చ చున్నీ వేసుకుని రమ్మన్నారు. అప్పుడు గుర్తొచ్చింది, ఆ ఆదివారం నేను దాన్ని కూడా వేసుకోలేదు. ముగ్గురం రోజూ కూర్చునే చోట్లలోనే కూర్చున్నాం. ఎంతసేపో తెలియదు. తల్లి జామకొమ్మ మీదికి వచ్చింది. తల అటు తిప్పింది, ఇటు తిప్పింది. తీగ మీద వాలింది. మూడో నంబరు రెమ్మ మీదికి దూకి, అక్కణ్నుంచి తటాలున గూట్లోకి తల దూర్చింది. లోపల రెండు గొంతులూ ఒక్కసారి లేచాయి. పిన్ని గారు చీపురు కింద పడేసి దండం పెట్టారు. నేను బాబాయ్ గారి చేయి పట్టుకుని మళ్లీ ఏడ్చాను, ఈసారి హాయిగా.

“రేపు పొద్దుగాల ఐదింటికి కిందికి రా. కోసిన రెమ్మ కదా, రేపటికి వాడుతది. మార్చాలె” అన్నారాయన.

అలా తొమ్మిది రోజులు. తెల్లవారక ముందే దిగి, తడిగుడ్డ చుట్టిన తాజా రెమ్మలు ఏడు, ఏడు చోట్ల. నాలుగో రోజున నేనుండబట్టలేక, నన్నెందుకు తిట్టలేదని అడిగాను. దారం ముడి వేస్తూ ఆయన చెప్పారు.

“నా రెండో సినిమాల హీరో ఎడమచేతికి కట్టు. తలుపు దాటి లోపలికొస్తె కుడిచేతికి కట్టు. తల్లి సచ్చిపోయే సీను బిడ్డా. టాకీసుల జనం ఒకటే ఈలలు, ఒకటే నవ్వుడు. ఇంటికి పోయి బట్టలు సదురుకున్న, ఇగ ఈ పని నాకు రాదని. డైరెక్టరు మనిషిని పంపిండు. పోయినంక ఏమన్లే. ‘రేపు జర తొందరగ రా’ అన్నడు. గంతే.”

నా ముఖం చూడకుండా ఐదో నంబరు ఆకు వెనక్కి తిప్పారు. తప్పు చేసినవాణ్ని పొమ్మనకుండా రమ్మనడం ఎంత పెద్ద విషయమో నాకు అప్పుడు అర్థమైంది. ఆయన మీద నాకున్న ప్రేమ ఆ స్టూలు పక్కన పుట్టిందే.

పదో రోజు పొద్దున మేం రెమ్మలు పట్టుకుని దిగేసరికి ఒక పిల్ల గూటి గుమ్మం మీద కూర్చుని ఉంది. రెండోది దాన్ని వెనక నుంచి తోస్తోంది. మొదటిది జామకొమ్మ దాకా దొర్లుతున్నట్టే ఎగిరింది. రెండోది తిన్నగా వచ్చి పిన్ని గారి మందారం మీద పడి, లేచి, దర్జాగా ప్రహరీ దాటింది. బాబాయ్ గారు తువ్వాలు గాల్లో తిప్పి ఒక్క ఈల వేశారు. ముప్పై ఏళ్లు సెట్టులో నోరెత్తకుండా నిలబడ్డ మనిషి! పక్క బంగళా వాచ్‌మన్ ఉలిక్కిపడి లేచాడు. ఆ రోజు నోటుబుక్కులో చివరి వాక్యం ఇది: ‘ఇద్దరు ఆర్టిస్టులు ఎగ్జిట్. ప్యాకప్. బిడ్డ ఇగ పచ్చ చున్నీ ఉతుక్కోవచ్చు.’

ఆయన పోయి రెండేళ్లయింది. ఆ నోటుబుక్కు పిన్ని గారు నాకిచ్చారు. ఇప్పుడు నా కింద పదిహేను మంది పనిచేస్తున్నారు. ఏదైనా మార్చే ముందు, అది ఎలా ఉండేదో చూసి రాసుకోమని వాళ్లకు విసుగొచ్చేలా చెబుతుంటాను. ఎవరైనా పెద్ద పొరపాటు చేసి తల వంచుకుని నా ముందు నిలబడితే, నా నోటికి వచ్చే మాట ఒక్కటే. రేపు కాస్త తొందరగా రండి, అంటాను. వాళ్లకు ఆ మాట ఎక్కడిదో తెలియదు. నాతో కలిసి కూర్చుని సరిచేసుకున్నాక వెళ్తూ వెళ్తూ కొందరు నవ్వుతారు. ఆ నవ్వు నేను స్టూలు పక్కన నవ్విన నవ్వే.

నిన్న బాల్కనీ తలుపు మూశాక ముందు రంగుల వాళ్లకు ఫోన్ చేసి, ఎండలు ముదిరాక రమ్మన్నాను. తరువాత పిన్ని గారికి చేశాను. తేనెపిట్ట గూడు మొదలుపెట్టిందని చెప్పాను. ఆవిడ వెంటనే అడిగారు.

“గట్లనా! మరి చున్నీ తీసినవా?”

వెలిసిపోయి ఆ పచ్చ సగం తెల్లబడింది. అంచు కూడా చిరిగింది. అయినా ఫోన్ చేసే ముందే తీసి వేసుకున్నాను.