శామ్యూల్ మాస్టారి లాప్‌టాప్

శామ్యూల్ రాజ్‌కి డిగ్రీ రెండో ఏట చూపు పోయింది. నీటికాసులు అని విజయవాడ డాక్టర్లు తేల్చేసరికే ఎడమ కన్ను పోయి ఉంది. కుడి కన్ను మరో పది నెలలు పనిచేసింది. ఆ పది నెలల్లో చదవగలిగినంత చదివాడు. తరవాత రెండేళ్లు పమిడిముక్కల దగ్గర తమ ఊళ్లో, ఇంటి అరుగు మీద కూర్చున్నాడు. తండ్రి మత్తయి కౌలు రైతు. కొడుకుని ఏం చెయ్యాలో ఆయనకి తోచలేదు. చర్చి పాస్టరు గారు నలుగురినీ విచారించి, బ్రెయిలీ నేర్పే హాస్టల్‌కి అతన్ని పంపించారు. అక్కణ్నుంచి మిగిలిన డిగ్రీ, బీఈడీ, వికలాంగుల కోటాలో సోషల్ టీచరు ఉద్యోగం. ఇప్పుడతనికి నలభై నాలుగేళ్లు. గుడివాడలో అద్దె ఇంట్లో ఉంటాడు. రోజూ షేర్ ఆటోలో పదకొండు కిలోమీటర్లు వెళ్లి ఒక హైస్కూల్లో పాఠాలు చెబుతాడు. భార్య రాజకుమారి ఏఎన్ఎం.

లాప్‌టాప్ 2017లో కొన్నాడు. మరీ చవకది కాదు, మరీ ఖరీదైనదీ కాదు. షాపతను ప్రాసెసర్ గురించీ, నాలుగు జీబీ ర్యామ్ గురించీ, తెర ఎంత వెడల్పో చెబుతుంటే శామ్యూల్ రాజ్ మాత్రం కీబోర్డు మీద వేళ్లు పెట్టి చూసుకున్నాడు. కుడివైపు అంకెల మీటలు విడిగా ఉన్నాయి. అదొక్కటీ చూసుకుని, ఇచ్చెయ్యండి అన్నాడు.

చూపు లేనివాళ్లు స్క్రీన్ రీడర్ అనే సాఫ్ట్‌వేర్ వాడతారు. తెర మీద ఏముందో అది గొంతుతో చదివి వినిపిస్తుంది. మౌస్‌తో పనుండదు. ఏ వరస చదవాలో, ఎక్కడ ఆగాలో ఆ అంకెల మీటలతోనే చెబుతారు. శామ్యూల్ రాజ్ ఆ గొంతుని చాలా వేగంగా పెట్టుకునేవాడు. అలవాటు లేనివాళ్లకి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. లోపల ఎవరో పోట్లాడుకుంటున్నట్టుందని రాజకుమారి అనేది. అతను ఆ గొంతు వింటూనే పాఠాలకి నోట్సు రాసుకున్నాడు, పేపరు చదివాడు, ప్రశ్నపత్రాలు తయారుచేశాడు.

నాలుగేళ్లు గడిచేసరికి గొంతు వెనకబడింది. మీట నొక్కితే అక్షరం పేరు వెంటనే వినిపించాలి. అలాంటిది నొక్కి, మూడు నాలుగు సెకన్లు ఆగితే గానీ పలికేది కాదు. చూపున్నవాళ్లయితే తెర మీద గుండ్రంగా తిరిగే గుర్తుని చూసి ఆగుతారు. అతనికి వినిపించేది నిశ్శబ్దమే. మిషను ఆలోచిస్తోందో, ఆగిపోయిందో తెలిసేది కాదు. అరచెయ్యి ఎడమవైపు ఆనించి ఉంచేవాడు. లోపల హార్డ్ డిస్కు గరగరమంటుంటే బతికే ఉందని లెక్క.

దీనితో అసలు చిక్కు మార్కుల దగ్గర వచ్చింది. పరీక్షయ్యాక రాజకుమారి జవాబుపత్రాలు చదువుతుంటే అతను విని మార్కులు వేసి, బ్రెయిలీలో రాసుకునేవాడు. వాటిని విద్యాశాఖ సైటులో ఎక్కించాలి. కొంతసేపు ఏమీ కదలకపోతే ఆ సైటు బయటికి నెట్టేస్తుంది. అతని లాప్‌టాప్ ఒక్కో పేరు పలికే లోపల ఆ సమయం కాస్తా అయిపోయేది. మళ్లీ ఓటీపీ, మళ్లీ మొదటి పేరు. రెండుసార్లు ప్రయత్నించి తోటి టీచర్లని అడిగాడు. వాళ్లు కాదనకుండా చేసిపెట్టారు. ఒకసారి తొమ్మిదో తరగతి అమ్మాయికి మార్కులు వెయ్యాల్సిన చోట ఆబ్సెంట్ అని పడింది. అమ్మాయి తల్లి స్కూలుకి వచ్చి అడిగితే తప్పు ఎవరిదో శామ్యూల్ రాజ్ చెప్పలేదు. సరిచేయిస్తానమ్మా అన్నాడు. ఇంటికొచ్చి, ఇకమీదట తన మార్కులు తనే ఎక్కించుకుంటానని రాజకుమారితో చెప్పాడు.

గుడివాడలో రెండు షాపుల్లో చూపించాడు. పాతబడింది, కొత్తది కొనుక్కోమన్నారు. రాజకుమారితో పనిచేసే మెహజబీన్ తమ్ముడు తాహిర్‌కి బందరు కోనేరు సెంటరు దగ్గర రిపేరు షాపుంది. 2022 జనవరిలో ఒక ఆదివారం, భార్యాభర్తలిద్దరూ చర్చి అయ్యాక పాసింజరెక్కి బందరు వెళ్లారు.

తాహిర్‌కి ముప్పై అయిదేళ్లుంటాయి. లాప్‌టాప్ ఆన్ చేసి కాసేపు చూశాడు.

“కొత్తది అక్కర్లేదు మాస్టారూ. ఎనిమిది జీబీ ర్యామ్ కలుపుదాం. హార్డ్ డిస్కు తీసేసి ఎస్ఎస్‌డీ పెడదాం. అంతే. మళ్లీ పరిగెడుతుంది.”

“విప్పేటప్పుడు నేను పట్టుకుని చూడొచ్చా?” అని అడిగాడు శామ్యూల్ రాజ్.

తాహిర్ ఒక్క క్షణం రాజకుమారి వైపు చూశాడు. తరవాత స్టూలు ఇవతలికి లాగి, “రండి, ఇటు కూర్చోండి. ముందు ఈ ఇనప రాడ్డు ముట్టుకోండి, ఒంట్లో కరెంటుంటే పోతుంది” అన్నాడు.

అడుగు మూత వచ్చాక అతని వేళ్లని ఒక్కోచోట పెడుతూ చెప్పాడు. ఇది ఫ్యాను. ఇది బ్యాటరీ. ఇదిగో, ర్యామ్ పెట్టే చోటు, పక్కది ఖాళీగా ఉంది. కొత్త ముక్కని శామ్యూల్ రాజే ఏటవాలుగా దూర్చి కిందికి నొక్కాడు. రెండు వైపులా కొక్కేలు టిక్కుమని పట్టుకున్నాయి. పాత హార్డ్ డిస్కు అరచేతిలో బరువుగా, చల్లగా ఉంది. కొత్త ఎస్ఎస్‌డీకి అసలు బరువే లేదు.

“ఇందులో తిరిగేది ఏమీ ఉండదా?”

“ఏమీ ఉండదండీ. అందుకే అంత స్పీడు.”

విండోస్ కొత్తగా ఎక్కించడానికి రెండు గంటలు పడుతుందన్నాడు తాహిర్. వాళ్లు హోటల్లో భోంచేసి వచ్చేసరికి లాప్‌టాప్ సిద్ధంగా ఉంది. పది సెకన్లలో ఆన్ అయిందని తాహిర్ చూపించాడు, రాజకుమారి చూసి బాగుందంది. పాత ఫైళ్లన్నీ కాపీ చేశాననీ, స్క్రీన్ రీడర్ కూడా ఎక్కించాననీ చెప్పాడు. రైలు టైమవుతోందని ఆ హడావిడిలో బయల్దేరారు.

ఇంటికొచ్చి ఆన్ చేస్తే ఏమీ వినిపించలేదు. మళ్లీ చేశాడు. అరచెయ్యి ఎడమవైపు పెట్టాడు, అక్కడా ఏ కదలికా లేదు. రాజకుమారి వచ్చి చూసింది.

“బాగానే ఉందండీ. బొమ్మ కనిపిస్తోంది.”

అతను తాహిర్‌కి ఫోన్ చేశాడు.

“డిస్‌ప్లే వచ్చిందా మాస్టారూ?”

“మా ఆవిడ వచ్చిందంటోంది. నాకు మాత్రం చచ్చిన మిషనే.”

సౌండ్‌ని పలికించే డ్రైవరు అనే సాఫ్ట్‌వేర్ ఎక్కలేదు. తాహిర్‌కి విషయం అర్థమైంది. “పొరపాటు నాదే. పనిచేస్తోందో లేదో కళ్లతో చూశాను గానీ, చెవితో వినలేదు” అన్నాడు. ఫోన్లో రాజకుమారి చేత చేయిద్దామనుకున్నారు గానీ కుదరలేదు. మర్నాడు సాయంత్రం తాహిర్ తనే గుడివాడ వచ్చాడు. డ్రైవరు ఎక్కించి గొంతు వచ్చాక, తెర మీద తువ్వాలు కప్పేసి, శామ్యూల్ రాజ్ చెబుతుంటే మీటలతో ఒక ఫైలు తెరవడానికి ప్రయత్నించాడు. మూడోసారికి తెరిచాడు. టీ తాగి బస్సెక్కి వెళ్లిపోయాడు. రానూ పోనూ ఖర్చులివ్వబోతే తీసుకోలేదు.

లాప్‌టాప్ నిజంగానే పరిగెత్తింది. మీట మీద వేలు పడగానే గొంతు పలికేది. అయితే మొదటి వారం రోజులూ శామ్యూల్ రాజ్‌కి అది ఇబ్బందిగా ఉండేది. గరగర లేదు. ఆన్‌లో ఉందో లేదో తెలియక, ఉన్నదాన్ని రెండుసార్లు ఆపేశాడు. తరవాత అలవాటైంది. ఆ ఏడు పరీక్షల మార్కులు ఎడమచేత్తో బ్రెయిలీ తడుముకుంటూ, కుడిచేత్తో అంకెలు కొడుతూ ఒక్క మధ్యాహ్నంలో ఎక్కించాడు. ఆ సాయంత్రం జిలేబీ కొనుక్కుని ఇంటికెళ్లాడు. ఎందుకని రాజకుమారి అడిగితే, ఊరికే అన్నాడు.

రెండున్నరేళ్లకి పైగా ఏ తేడా లేకుండా గడిచాయి. 2024 డిసెంబరులో ఆ స్కూలుకి వెంకట్ అనే లెక్కల టీచరు బదిలీ మీద వచ్చాడు. మనిషి ఎవరితోనూ పెద్దగా కలిసేవాడు కాదు. అర్ధసంవత్సరం పరీక్షలు అయ్యాక స్టాఫ్ రూములో శామ్యూల్ రాజ్ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మార్కులు ఎక్కిస్తున్నాడు. తెరతో తనకి పనిలేదు కాబట్టి మూత ఎప్పుడూ సగం వాల్చి ఉంచుతాడు. వెంకట్ చాక్‌పీసుల కోసం వంగినప్పుడు తెర కనిపించింది. నల్లగా ఉంది. కాసేపు అక్కడే నిలబడి చూశాడు. తెర నల్లగానే ఉంది, శామ్యూల్ రాజ్ చేతులు మాత్రం ఆగకుండా కొడుతున్నాయి. వెంకట్ నేరుగా హెడ్‌మిస్ట్రెస్ జ్యోతిర్మయి గదికి వెళ్లాడు.

ఆవిడ వచ్చి శామ్యూల్ రాజ్ భుజం తట్టింది. వెనక వెంకట్, ఇంకో ఇద్దరు టీచర్లు ఉన్నారు.

“శామ్యూల్ గారూ, ఒక్క నిమిషం. ఏం చేస్తున్నారు?”

“ఎనిమిది బి మార్కులండీ. ఇరవై ఆరో పేరు దగ్గరున్నాను.”

“మీ లాప్‌టాప్ ఆపేసి ఉందంటున్నారు.”

“ఎవరన్నారు మేడమ్?”

వెంకట్ ముందుకొచ్చాడు. “నేనే సార్. తప్పుగా అనుకోకండి. తెర మీద ఏమీ లేదు. మీరు కొడుతూనే ఉన్నారు. అంటే, మార్కులు ఎవరో ఎక్కిస్తున్నారేమో, మీరు ఊరికే…”

శామ్యూల్ రాజ్ పద్దెనిమిదేళ్ల ఉద్యోగంలో జాలిపడ్డవాళ్లున్నారు, విసుక్కున్నవాళ్లున్నారు. నటిస్తున్నావని మాత్రం ఎవరూ అనలేదు. లేచి వెళ్లిపోదామా అనుకున్నాడు. అంతలో ఇంకో సంగతి స్ఫురించింది.

“తెర పనిచెయ్యట్లేదా?” అన్నాడు. “ఎప్పట్నుంచి?”

అతను ఇయర్‌ఫోన్ల తీగ లాగేశాడు. గొంతు గదంతా గబగబా వినిపించింది. వేగం తగ్గించాడు. ఇరవై ఆరో పేరు, పక్కన ఖాళీ గడి అని అది నెమ్మదిగా చదివింది. అతను ఎడమచేత్తో కాగితం తడిమి, ముప్పై ఒకటి కొట్టి సేవ్ చేశాడు.

“మేడమ్, మీ ఫోన్లో తెరిచి చూడండి.”

జ్యోతిర్మయి ఫోన్లో స్కూలు లాగిన్ తెరిచింది. ఇరవై ఆరు పేర్లకీ మార్కులున్నాయి. చివరిది ముప్పై ఒకటి. ఆవిడ ఫోను వెంకట్ చేతిలో పెట్టింది. అతను చూసి తిరిగిచ్చేశాడు.

“అడక్కుండా ఉండాల్సింది శామ్యూల్ గారూ” అంది జ్యోతిర్మయి.

“అడిగితేనే నయమండీ. అడగకపోతే అదే మాట వెనక నడిచేది.” కాగితం మీద మళ్లీ వేళ్లు పెట్టాడు. “ఇంకా పద్నాలుగు మందున్నారు.”

ఇంటికెళ్లి జరిగింది రాజకుమారికి చెప్పాడు. ఆవిడ లాప్‌టాప్ మూత తెరిచి చూసింది. నెలన్నరగా తనూ అటు చూడలేదంది. ఆ తరవాతి ఆదివారం బందరు తీసుకెళ్లారు. మడత దగ్గర వైరు తెగిందని తాహిర్ చెప్పాడు.

“ఇన్నాళ్లూ అది లేకుండానే నడిచింది కదా మాస్టారూ. దండగెందుకు? వదిలేద్దామా?”

“బాగుచెయ్యండి తాహిర్ గారూ. నాకు అక్కర్లేదు గానీ, పక్కనున్న వాళ్లకి కావాలి.”

వైరు మార్చడానికి గంట పట్టింది. ఆ తరవాత శామ్యూల్ రాజ్ స్కూల్లో మూత పూర్తిగా తెరిచి పెట్టుకోవడం మొదలుపెట్టాడు. అలా పెట్టుకోవాల్సి రావడం అతనికి ఇష్టం లేదు. అయినా పెట్టుకున్నాడు.

వెంకట్ క్షమించమని అడగలేదు. సంక్రాంతి సెలవుల దాకా ఎదురుపడితే పక్కకి తప్పుకునేవాడు. ఏప్రిల్లో వార్షిక పరీక్షల మార్కులు ఎక్కించాల్సిన రోజున స్టాఫ్ రూములో కంప్యూటరు ముందు కూర్చుని, మౌస్‌తో ఒక్కో గడి నొక్కుతూ, పేరు చూసుకుంటూ, కాగితం చూసుకుంటూ గంటలో పద్దెనిమిది మందికి ఎక్కించాడు. పక్క బల్ల దగ్గర శామ్యూల్ రాజ్ అదే గంటలో రెండు సెక్షన్లు ముగించి లాప్‌టాప్ మూసేస్తున్నాడు.

“సార్, మౌస్ లేకుండా కింది గడిలోకి ఎలా వెళ్తారు?” అని అడిగాడు వెంకట్.

శామ్యూల్ రాజ్ ఏ మీటో చెప్పాడు. వెంకట్ రెండుసార్లు తప్పు నొక్కి, మొదటి పేజీకి వెళ్లిపోయిందన్నాడు. అది విని శామ్యూల్ రాజ్ మూసిన లాప్‌టాప్ మళ్లీ తెరిచాడు.

“మీ లాగిన్‌తో ఇందులోకి రండి. ఓటీపీ చెప్పండి. మీరు చదవండి, నేను కొడతాను.”

వెంకట్ కుర్చీ జరుపుకుని వచ్చి మార్కులు చదివాడు. మిగిలినవాళ్లు నలభై రెండు మంది. మధ్యలో ఒకే ఒక్కసారి ఆగమన్నాడు, ఫిఫ్టీన్ అనబోయి ఫిఫ్టీ అన్నందుకు. గంట కొట్టేలోపు అయిపోయింది. వెంకట్ వరసగా అన్నీ తెర మీద సరిచూసుకుని, థాంక్స్ సార్ అన్నాడు.

మర్నాడు హిందీ మేడమ్ వచ్చి తనవీ ఎక్కించిపెట్టమంది. మూడో రోజు ఇంకొకరు. సాయంత్రం ఇంట్లో రాజకుమారి కాఫీ ఇస్తే కప్పు రెండు చేతుల్తో పట్టుకుని, కుడిచేతి వేళ్లు లాగుతున్నాయనీ, రేపు ఎవరడిగినా కుదరదని చెప్పేస్తాననీ అన్నాడు.

“చెప్పరు” అంది రాజకుమారి.

అతను కాఫీ తాగి లాప్‌టాప్ ఛార్జింగ్ పెట్టాడు.